పట్టు షెడ్డుల ప్రశ్నలు

కొల్లాపూర్ దాటి కృష్ణ దిక్కు పోయే తొవ్వల, ఊరికి జర ఇవతల ఒక రేకుల షెడ్డున్నది. ఎవరో పట్టుపురుగులు పెంచుదామని కట్టిండ్రు. పురుగులు సచ్చిపోయినయి, కట్టినోళ్లు పట్నం పోయిండ్రు, షెడ్డు మిగిలింది. పగటిపూట గొర్లు గూడ దాని నీడకు పండయని చెప్తరు. ఇగ చీకటి పడ్డదంటే ఆ పక్కకెళ్లి ఒక్కరు నడువరు.

ఎందుకంటే... ఆ షెడ్డు మాట్లాడుతది.

మొదలు విన్నది గుర్వయ్య. మాపటీలి బావికాడికెళ్లి ఇంటికొస్తున్నడు. షెడ్డు పక్కకు రాంగనే లోపల్నుంచి సన్నగ, గుసగుసగ, ఒక ఆడగొంతు—

"నీళ్లు... కిందికెళ్లి పైకి... ఎట్ల ఎక్కుతయి?"

గుర్వయ్య నిలబడ్డడు. తననే అడుగుతాందనుకున్నడు. "మోటరు ఏస్తే ఎక్కుతయమ్మా" అన్నడు.

జరసేపటికి మల్ల అదే గొంతు—

"కాదు... తప్పు. మల్ల చెప్పు."

గుర్వయ్య చెప్పులు అక్కడ్నే ఇడిసి ఉరికిండు. జెరం తగ్గేదాంక మంచం దిగలే. అటెన్క పాలు పోసొస్తున్న మారెమ్మకు, "ఆకు... పచ్చగ ఎందుకుంటది?" అని ఇనొచ్చింది. ఆమె జవాబియ్యలే. తెల్లారి షెడ్డు తలుపుకు నిమ్మకాయ కట్టొచ్చింది.

జవాబు చెప్పకుంటే పట్టుకుంటదని కొందరు, తప్పు చెప్తే పట్టుకుంటదని కొందరు. ఊరంత రెండు జట్లయింది.

గాలయ్య బిడ్డ శ్రీవాణి ఏ జట్టుల లేదు. ఆమెకు అంత తీరిక లేదు. డిగ్రీ ఆఖరు సంవత్సరం, వృక్షశాస్త్రం. కాలేజీల అందరికంటె ఎక్కువ సదివేది ఆమెనే. రాత్రంత మేల్కొని, పుస్తకం నిండ ఎర్రగీతలు కొట్టి, ఒక్కో పాఠం మల్ల మల్ల సదివేది. పరీక్షల కూసున్నంక మాత్రం... అంత తెల్లకాయితమే. అర్ధ సంవత్సరపు పరీక్షల మొక్కల శరీరధర్మ శాస్త్రం పేపరైతె పోనే పోయింది.

ఆ మార్కులొచ్చిన రోజు గాలయ్య బిడ్డను తిట్టలే. "ఇంత కష్టపడ్డా రాకపోతె నువ్వేం చేస్తవు బిడ్డా. ఇగ బంద్ చెయ్యి, ఆరోగ్యం పాడైతది" అన్నడు, మెల్లగ. తిట్టినా బాగుండు అనిపించింది శ్రీవాణికి. పెద్దపరీక్షల గూడ పోతె తనే మానేస్తనని బాపుకు మాటిచ్చింది.

అసొంటి రోజుల్లనే ఒకనాడు కాలేజీకెళ్లి వచ్చే బస్సు తొవ్వల ఆగిపోయింది. రోడ్డుమీద దిగేసరికి చిమ్మచీకటి. బాపు ఫోను ఎత్తుతలేడు. సంచి గుండెకు అదుముకొని నడిచింది. షెడ్డు దగ్గర పడ్డది... కుక్క గూడ మొరుగుతలేదు... రేకు కిర్రుమన్నది—

"పత్రరంధ్రాలు... రాత్రిపూట... ఎందుకు మూసుకుంటయి?"

శ్రీవాణి నిలబడ్డకాడ్నే బిగుసుకపోయింది. అయినా లోపల మనసు జవాబు ఎతుకుతనే ఉన్నది. ఎర్రగీతలు కొట్టిన పాఠమే. ఆ పేజీ గూడ కండ్ల ముందట కనవడుతాంది... ఒక్క ముక్క యాదికి వస్తలేదు. భయంల గూడ ఆమెకు ఏడుపొచ్చింది.

అంతల లోపల్నుంచే జవాబు మొదలైంది. "రక్షక కణాల్లకెళ్లి... ఏందది... అయ్యో, నాలికమీదనే ఉన్నది..."

దయ్యం మర్చిపోవుడేంది?

శ్రీవాణి తలుపు నూకింది.

చీకట్ల తెల్లగ ఒక మొఖం... కిందికెళ్లి వెలుతురు... ఇరవోసుకున్న ఎంట్రుకలు... గోడల నిండ నల్లటి ఏర్లు, ఆకులు. ఆ మొఖం ఆమె దిక్కు తిరిగింది. వెలుతురు టక్కున ఆరిపోయింది.

"ఎ... ఎవరు?" అన్నది దయ్యం.

"నేను... శ్రీవాణిని. గాలయ్య బిడ్డను."

"నువ్వా," దయ్యం ఊపిరి ఇడిసింది. "జర తలుపెయ్యి. దోమలొస్తయి."

కింద పడ్డ సెల్లు మల్ల ఎలిగింది. సూస్తె ఆమె అండాలు. ఊరి ఆ కొసకున్న కోడలు. పెండ్లయి, కొడుకు పుట్టినంక మల్ల డిగ్రీల చేరింది. శ్రీవాణి క్లాసులనే ఆఖరు బల్లమీద కూసుంటది, ఎవ్వరితోని మాట్లాడది. ప్రతిసారి ఫస్టొస్తది.

"ఇంట్ల పైకి సదివితే చిన్నోడు లేస్తడు," అన్నది అండాలు. "నేనిటొస్తే మా అత్త వాన్ని చూసుకుంటది. ఒక పిల్లగాని తల్లి గోడలతోని మాట్లాడుతాందంటే ఊరు నవ్వదా? దయ్యమనుకోవడమే నయం."

"గోడలతోని ఎందుకక్కా?"

"పుస్తకం సూస్తుంటే అన్నీ ఒచ్చినట్టే అనిపిస్తయి. మూసి ఎవరికన్న చెప్తెనే తెలుస్తది. ఏదీ, నువ్వు చెప్పు. ఎందుకు మూసుకుంటయి?"

శ్రీవాణి తలొంచుకుంది. "తెల్వదు."

"తెల్వదని తెలిసింది గద. ఇప్పుడు తెరిసి సూడు. పొటాషియం కాడ నేనూ ఆగిన, ఇప్పుడు యాదికొచ్చింది."

ఆ దినం సంది ఇద్దరు. పుస్తకం మూసి ఒకరు అడుగుడు, ఒకరు చెప్పుడు. తప్పితే సూసుకునుడు. తెల్లారి మల్ల, వారానికి మల్ల అదే అడుగుడు. బొమ్మలు సూడకుంట బొగ్గుతోని గోడమీద గీసుడు. శ్రీవాణి రాత్రంత మేల్కొనుడు మానేసి కడుపునిండ నిద్రపోయింది. గాలయ్యకు ఒక్కనికే చెప్పిండ్రు. ఆయన రోజు బండి తెచ్చుకొని రోడ్డుమీద కావలి కూసునేది. ఎవరన్న అటు రాబోతే, "నేనిప్పుడే ఇన్న, అటు పోకుండ్రి" అనేది.

ఫలితాలొచ్చినయి. కాలేజీకి అండాలు ఫస్టు, శ్రీవాణి సెకండు. పోయిన ఆ శరీరధర్మం పేపర్ల మాత్రం అండాలు కంటె శ్రీవాణికే ఎక్కువొచ్చినయి. గాలయ్య ఆ మార్కులను ఊరందరికి సెల్లుల సూపెట్టి, "మా బిడ్డ" అన్నడు తప్ప ఇంకో మాట రాలే ఆయనకు.

ఒక్క ముచ్చట మాత్రం ఇద్దరు గాలయ్యకు గూడ చెప్పలే.

ఆ పేపరుకు ముందటి రాత్రి. ఇద్దరి సెల్లులు చార్జింగు అయిపోయినయి. చీకట్లనే అడుక్కుంటున్నరు.

"పల్లిచెట్టు ఏర్ల బుడిపెలు లోపల ఎర్రగ ఎందుకుంటయి?" అన్నది శ్రీవాణి.

అండాలు ఆలోచించింది. రాలే. శ్రీవాణికీ రాలే.

పైన... దూలాల కాడికెళ్లి... నిమ్మళంగ, ఎవరో పెద్దమనిషి పాఠం చెప్పినట్టు—

"నెత్తురుల ఉండే ఎరుపు అసొంటిదే... దాంట్ల గూడ ఉంటది బిడ్డా."

ఇద్దరు చేతులు పట్టుకున్నరు. ఉరుకలే. ఒకరినొకరు ఆనుకుంట రోడ్డెక్కి, గాలయ్య బండి లైటు కింద పుస్తకం తెరిసిండ్రు.

లెగ్‌హీమోగ్లోబిన్. జవాబు కరెక్టే.

తెల్లారి పేపర్ల అదే మొదటి ప్రశ్న. ఇద్దరు రాసిండ్రు. ఆ గొంతు ఎవరిదని మాత్రం... అన్నీ అడుక్కునే ఆ ఇద్దరు, ఇప్పటిదాంక ఒకర్నొకరు అడుగలే.