వంతెన దగ్గర ఆగిపోయే ఆట

ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ మెకానిక్ దుకాణం మూసి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని అక్కగారింటికి బయలుదేరాడు. అక్క పోయి మూడు నెలలు దాటింది. ఆ తర్వాత ఆ గడప తొక్కడం ఇదే మొదలు. వెళ్లాలనుకోవడం, ఏదో ఒక పని చెప్పుకుని మానేయడం... అలాగే గడిచిపోయాయి రోజులు. ఈసారి బావే ఫోన్ చేశాడు.

"మీ అక్క కంప్యూటర్ ఆట మధ్యలో ఆరిపోతోందయ్యా. ఆరిపోయి, మళ్లీ దానంతటదే లేస్తోంది. నీ చేత్తో చేసిందే కదా, నువ్వే చూడాలి."

అక్క మంచం పట్టి, పొద్దుపోవడం లేదని గోల పెడితే, ఒక్కొక్క భాగం ఏరి తెచ్చి తనే బిగించిన మెషీన్ అది. కాదనలేకపోయాడు.

తలుపు తీసిన మనిషిని చూసి మెకానిక్ గతుక్కుమన్నాడు. బావ సగమైపోయాడు. గడ్డం మాసిపోయింది. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"తిన్నారా బావా?"

"తినొచ్చులే. ముందు అది చూడు."

గదిలో పట్టపగలే పరదాలు దించి ఉన్నాయి. మూసిన గది వాసన, దానిలో కలిసిపోయిన మందుల వాసన. తెర మీద ఆట నడుస్తోంది. మంచు పట్టిన అడవి. లాంతరు పట్టుకుని ఒంటరిగా నడిచే ఒక ఆడమనిషి. దూరంగా ఒక చెక్క వంతెన.

"ఆ వంతెన దాకా ఆడి ఆపేసింది మీ అక్క. 'మిగతాది రేపు' అంది. తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్లాం." బావ తెర వైపు చూపించాడు. "అవతల ఏముందో దాని తరఫున నేనైనా చూద్దామని కూర్చున్నాను. వంతెన మీద అడుగు పెట్టానో లేదో, ఆరిపోతుంది. నెల రోజులుగా ఇదే వరస."

మెకానిక్‌కి కాస్త ధైర్యం వచ్చింది. ఆట బరువు పెరిగినప్పుడు మెషీన్ ఆగిపోవడం రోజూ చూసే జబ్బే. పక్క మూత విప్పి, ఫ్యాన్లకు పట్టిన దుమ్ము బ్రష్‌తో దులిపాడు. ప్రాసెసర్ మీద వేడి లాగేందుకు రాసిన పేస్టు ఎండిపోతే, గీకి కొత్తది రాశాడు. బావ ఆడాడు. వంతెన దగ్గర ఆరిపోయింది. మెమరీ తీసి తుడిచి పెట్టాడు. ఆరిపోయింది. కరెంటు సప్లై డబ్బా అనుమానించి, సంచిలోంచి కొత్తది తీసి బిగించాడు. అయినా అంతే. వేడి చూస్తే మామూలుగానే ఉంది. ఇంకా బరువైన ఆట ఒకటి ఎక్కించి గంటసేపు నడిపితే, కిక్కురుమనకుండా నడిచింది.

చివరికి, మెషీన్ తనకు జరిగినవన్నీ లోపల రాసుకునే చిట్టా తెరిచాడు. కరెంటు పోతే పోయిందని ఉంటుంది. భాగం చెడితే దాని గుర్తు ఉంటుంది.

అవేవీ లేవు. నెల రోజులుగా ప్రతిసారీ ఒకటే మాట.

స్విచ్ నొక్కి పట్టుకున్నారు.

బల్ల కిందకి వంగి చూశాడు. మెషీన్ డబ్బా అవతలి చివర, గోడ వారన ఉంది. కుర్చీలోంచి చెయ్యి అందదు.

"బావా, స్విచ్ ఎవరైనా నొక్కుతున్నారా?"

"ఎవరున్నారయ్యా ఇంట్లో? నా రెండు చేతులూ ఈ బల్ల మీదే ఉంటాయి."

స్విచ్ ఇరుక్కుపోతోందేమోనని డబ్బా ముందువైపు మూత ఊడదీశాడు. స్ప్రింగు చక్కగా ఉంది. మూత మళ్లీ పెడుతుంటే గుర్తొచ్చింది.

ఆస్పత్రికి వెళ్లడానికి నాలుగు రోజుల ముందు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, కంప్యూటర్ బిగుసుకుపోయిందిరా. ఒక్కసారి వచ్చి చూడు." అప్పుడు దుకాణం నిండా జనం. "దానికి నేనెందుకక్కా? స్విచ్ నొక్కి పట్టుకుని నాలుగు లెక్కపెట్టు. ఆరిపోతుంది. మళ్లీ నొక్కు, లేస్తుంది." అక్క ఫోన్‌లోనే లెక్కపెట్టింది. లేచిందని నవ్వింది. తర్వాత, "అయితే ఇక రావా?" అంది.

రాలేదు.

మెకానిక్ నేల మీద చతికిలబడ్డాడు. బొటనవేలు స్విచ్ మీద ఆనించాడు. నొక్కలేదు. అడ్డం పెట్టాడు, అంతే.

"ఆడండి బావా."

లాంతరు కదిలింది. అడుగుల చప్పుడు... మంచు... వంతెన చెక్క కిర్రుమంది.

"వచ్చానక్కా" అన్నాడు గొంతులోనే. "ఆలస్యమైపోయింది. తప్పు నాదే. ఇక వదిలెయ్యక్కా..."

ఏమీ జరగలేదు. ఊపిరి పీల్చుకోబోయాడు.

బొటనవేలి మీద బరువు పడింది.

చల్లగా. మెత్తగా. వేలిని స్విచ్‌తో పాటు లోపలికి అదిమింది. లాక్కుందామంటే చెయ్యి రాలేదు.

ఒకటి...

రెండు...

మూడు...

నాలుగు.

తెర ఆరిపోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆ చీకట్లో ఇద్దరి ఊపిరీ తప్ప మరో చప్పుడు లేదు. పట్టు కాస్త సడలింది. మళ్లీ ఒక్క నొక్కు. మెషీన్ లేచింది. తెర వెలుగులో బావ మొహం కనిపించింది. వంగి, బావమరిది చేతి వంకే చూస్తున్నాడు.

"మీ అక్కేనా?" గుసగుసలాడాడు బావ. "నిజం చెప్పు. మీ అక్కేనా?"

బావ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అక్కే బావా."

బావ కుర్చీలో వెనక్కి వాలి, మొహం చేతుల్లో దాచుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచాడు. "అయితే ఉండనీ. ఇక బాగుచెయ్యకు" అన్నాడు. "ఆకలేస్తోందయ్యా. నువ్వూ తిందువుగాని, ఉండు." వంటింట్లో గిన్నెలు కదిలిన చప్పుడు, స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించాయి.

మెకానిక్ నేల మీదే ఉండిపోయాడు.

ఇరవై ఏళ్లు బట్టలు కుట్టిన చెయ్యి అక్కది. వేళ్ల చివర్లు కాయలు కాసి గరుకుగా ఉండేవి. ఆ చెయ్యి పట్టుకునే అతను బడికి వెళ్లేవాడు. కళ్లు మూసుకున్నా పోల్చుకోగలడు.

ఇప్పుడు తగిలింది అది కాదు. చాలా చిన్నది. అరచెయ్యి మొత్తం కలిపినా అతని బొటనవేలంత లేదు. ఈ ఇంట్లో పిల్లలెప్పుడూ లేరు.

"చేతులు కడుక్కుని రావయ్యా" అని బావ లోపల్నుంచి పిలిచాడు.

లేవబోయాడు. స్విచ్ మీంచి అతని వేలు ఇంకా పైకి లేవలేదు.

ఆ చిన్న పిడికిలి ఇంకా వదల్లేదు.