గోవిందన్న కారుకు అసలు ఇంజను

ఎమ్మిగనూరు బస్టాండులో దిగి, సంచి భుజాన వేసుకుని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన యువకుణ్ణి హులిగమ్మ గడప దగ్గరే నిలబెట్టింది.

"ఎవరు కావాల?"

"గోవిందన్న ఇల్లు ఇదే కదా? కారు సూసి రేటు సెప్పమని కార్డు రాసినారు. ఆదోని నుంచి వచ్చినా."

హులిగమ్మ అతని వెనక్కి, వీధి చివరి దాకా చూసింది. "మీ నాయన యాడ?"

"మా నాయనెందుకు?"

"పెద్దయ్య వస్తానని రాసినాడే!"

"నేనే పెద్దయ్యను."

హులిగమ్మకు నవ్వు ఆగలేదు. పాత కార్ల రేటు కట్టడంలో ఆదోనిలో పెద్దయ్యను మించినవాడు లేడని విని, నెరిసిన మీసాలతో ఎవరో వస్తారని పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది. ఎదురుగా ఉన్నవాడికి పాతికేళ్లు కూడా ఉంటాయో లేదో!

"మా తాత పేరు పెట్టినారు. నేనేం జేసేది?" అన్నాడతను ఉడుక్కుంటూ. "నీ పేరేం?"

"హులిగమ్మ."

"హులి అంటే కన్నడంలో పులి కదా. నీకు మాత్రం సరిగ్గానే పెట్టినారు."

ఇంటి పక్క పాకలో, టార్పాలిన్ కింద ఉంది కారు. 1947 నాటి నల్లటి ఆస్టిన్. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు సావుకారు కోసం గోవిందన్న దాన్ని ముప్పై ఏళ్లు నడిపాడు. రెండేళ్ల కిందట మిల్లు మూసేసి హుబ్లీ వెళ్లిపోతూ సావుకారు తాళంచెవి గోవిందన్న చేతిలోనే పెట్టాడు. "నీకంటే బాగా దీన్ని ఎవరు చూసుకుంటారు గోవిందూ, ఇక ఇది నీదే" అన్నాడు.

ఇప్పుడు గోవిందన్నకు చూపు మందగించింది. బెంగళూరులో పాత కార్లు కొనే ఒకాయన, ఎంతకిస్తారని ఉత్తరం రాశాడు. ఆ డబ్బుతో హులిగమ్మకు బజారులో రెండు మిషన్లతో కుట్టంగడి పెట్టించాలని తండ్రి కోరిక. ఆమె ఇప్పటికి వసారాలోనే కూర్చుని రవికలు కుడుతోంది.

పెద్దయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. తలుపులు తీసి మూశాడు. చాప ఎత్తి కింద పాత రంగు చూశాడు. అద్దం మూలనున్న కంపెనీ ముద్రను వేలితో రుద్దాడు. ముందు సీటు దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎవరు కుట్టినారు?"

"ఏం? బాగల్యా?"

"కంపెనీ కుట్టు కంటే బాగుండాది. అందుకే అడిగినా."

హులిగమ్మ చూపు తిప్పుకుంది. "నేనే."

"అసలు కుట్టు కాదు కాబట్టి రేటు రవ్వంత తగ్గుతాది."

"పొగిడినట్లే పొగిడి తగ్గిస్తివే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత పెద్దయ్య బానెట్ ఎత్తాడు. బండి బుక్కు ఒకసారి, ఇంజను ఒకసారి చూశాడు. గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"ఈ ఇంజను ఈ కారుది కాదు."

"ఏమన్నావు?"

"బుక్కులో ఇంజను నంబరు సివర నలభై ఏడు ఉండాది. దీని మీద తొంభై రెండు. ఇదీ ఆస్టినే, కానీ వేరే బండిది. అన్నీ అసలువైతే పన్నెండు వేలు పలుకుతాది. ఇట్లయితే ఐదు దాటదు."

హులిగమ్మ గొంతు తగ్గించింది. "బెంగళూరాయన ఆ నంబరు సూస్తాడా?"

"సూడకపోవచ్చు."

"అయితే నువ్వూ సూళ్లేదనుకో."

"సూసినాను కదా."

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "రేటు దించి నువ్వే కొనాలని వచ్చినావా? నిన్ను ఎవరు పంపించినారు?"

పెద్దయ్య చెవులు ఎర్రబడ్డాయి. "మీరు రాసిన కార్డే పంపించింది."

"ఏ నంబరు మ్మే?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. చేతికర్రతో గోవిందన్న పాక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. తడుముకుంటూ వచ్చి, కారు మెట్టు మీద కూర్చుని, బండి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"యాభై ఎనిమిదిలో టైఫాయిడ్ వచ్చి మూడు నెలలు మంచాన పడితి. తిరిగొచ్చినాక బండి సద్దు వేరేగా ఉండె. సావుకారును అడిగితే కొత్త ఆయిలు పోసినాం గోవిందూ అనె. నమ్మితి. అంటే ఇరవై యేండ్లు నేను ఇంకోదాన్ని నడుపుతా, నా బండి నా బండి అని సెప్పుకున్నానా?"

తండ్రి గొంతు అలా వణకడం హులిగమ్మ ఎన్నడూ వినలేదు. పెట్టెలోంచి ఇరవై ఐదు రూపాయలు తెచ్చి పెద్దయ్య ముందు పెట్టింది. "నీ ఫీజు. తీసుకొని పో."

అతను డబ్బు ముట్టలేదు. గడప దాటబోతూ మాత్రం వెనక్కి తిరిగాడు.

"గోవిందన్నా, ఆ యేడు సావుకారు యాడైనా కొత్తగా ఇంజను పెట్టించినాడా?"

"సి.బెళగల్ తోటలో బావికి నీళ్ల ఇంజను పెట్టించె. ఎందుకప్పా?"

"ఊరికే."

మర్నాడే పెద్దయ్య సి.బెళగల్ వెళ్లాడు. ఆ తోటకు ఒకప్పుడు కాపలా కాసినవాని భార్య ఉచ్చీరమ్మ. మిల్లు మూసేటప్పుడు సావుకారు తోటను వాళ్లకే రాసిచ్చాడు.

"నీళ్ల ఇంజనా? కరెంటు మోటరు వచ్చినాక దాంతో పనేముండాది? మేకను కట్టేసుకుంటాండా, సూడు."

పెద్దయ్య మోకాళ్ల మీద కూర్చుని కిరోసిన్ గుడ్డతో తుప్పు రుద్దాడు. చివరి అంకెలు బయటపడ్డాయి. నాలుగు, ఏడు. అతను వేసిన కేకకు మేక తాడు తెంపుకున్నంత పని చేసింది.

ఉచ్చీరమ్మకు ఆ సంగతంతా గుర్తుంది. గోవిందన్న బదులు వచ్చిన డ్రైవరు నీళ్లు పోయకుండా నడిపి ఇంజను పట్టేసేలా చేశాడు. బళ్లారిలో బాగు చేయించేసరికి కారుకు వేరేది బిగించేశారు. దాంతో ఇది బావికి చేరింది. "గోవిందుకు సెప్పొద్దండి, బిడ్డకు దెబ్బ తగిలినట్ల బాధపడతాడు" అన్నాడట సావుకారు.

"అవ్వా, ఇది పాత ఇనుము కాదు. దీనికి మంచి విలువుండాది. ఏమిమ్మంటావో సెప్పు."

"గోవిందన్న బండికా?" ఉచ్చీరమ్మ అతని వైపు వింతగా చూసింది. "నాకు కాన్పు కష్టమైతే సావుకారును అడక్కుండానే ఆ బండిలో ఆదోని ఆస్పత్రికి ఏసుకపోయినాడప్పా ఆయన. నేనూ నా కొడుకూ ఈ పొద్దు ఉండామంటే అదే. తీసుకపో." కాస్త ఆలోచించి, "ఆయన కూతురు రవికలు బాగా కుడతాదంటనే. రెండు కుట్టిమ్మను. మేకకు ఒక గూటం కొట్టిపో" అంది.

ఎనిమిదో రోజున వేరుశనగ మూటల లారీలో ఇంజను ఎమ్మిగనూరు చేరింది. గోవిందన్న దాన్ని రెండు చేతులా తడుముతూ కూర్చుండిపోయాడు. హులిగమ్మ పెద్దయ్యకు మంచినీళ్ల చెంబు అందించింది.

"నిన్ను అన్ని మాటలంటినే. అయినా ఎందుకు పోతివి?"

"మీ నాయన బండి మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నది సూసినాక వూరుకోబుద్ధి కాలేదు."

హులిగమ్మ గబగబా లోపలికెళ్లి వేడివేడి జొన్నరొట్టెలు కాల్చింది.

అయిదు రోజులు పెద్దయ్య ఆదోని నుంచి వచ్చిపోతూ పని చేశాడు. ఆమె రవికలు కుడుతూ ప్రశ్నలు వేసేది. ఇదేం, అదెందుకు, నీకు పెండ్లయిందా? మూడో ప్రశ్నకు అతని చేతిలో స్పానర్ జారి కాలి మీద పడింది.

ఆరో రోజు ఇంజను స్టార్టయింది. గోవిందన్న చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మసకబారిన కళ్లలో నీళ్లు నిండాయి. "ఇదే. ఇదే నా బండి." చేతులు జోడించబోతే పెద్దయ్య పట్టుకుని ఆపాడు. "నాకు మొక్కొద్దన్నా."

"అయితే మంత్రాలయం దారిలో ఐదు మైళ్లు పోయి రండి. వేడెక్కినాక ఎట్లుంటాదో తెలియల్ల. పాపా, నువ్వూ పో. రేపు బెంగళూరాయన వస్తాడు, బండి ఎళ్లిపోతాది."

ఊరు దాటగానే వాన మొదలైంది. వైపరు రెండు సార్లు ఊగి మానేసింది. దారి కనబడక మోరీ దగ్గర ఆపుకోవలసి వచ్చింది.

"రేపటి నుంచి ఈ ఊరికి రావడానికి నాకు పని ల్యా" అన్నాడు పెద్దయ్య.

"పని ఉంటేనే వస్తావా?"

"పని లేకుండా వస్తే మీ వీధిలో ఏమనుకుంటారు?"

"ఏమనుకోవాల్నో అదే అనుకుంటారు." ఆమె అద్దం మీద జారే చినుకులనే చూస్తోంది.

"నా సేతికి గ్రీసు పోదు హులిగమ్మా. సొంత షెడ్డు కూడా ల్యా."

"నాకు అంగడి వస్తాది కదా. పక్కనే షెడ్డు పెట్టుకో."

"అయితే ఒప్పుకున్నట్లేనా?"

"నువ్వు అడిగింది యాడ, నేను ఒప్పుకునేదానికి?"

పెద్దయ్య అడిగాడు. వాన హోరులో వినబడలేదని ఆమె ఇంకోసారి అడిగించుకుంది.

మర్నాడు బెంగళూరాయన వచ్చాడు. నంబరు చూశాడు, బుక్కు చూశాడు, మారుమాట లేకుండా పన్నెండు వేలు ఇచ్చాడు. కారు వీధి మలుపు తిరిగి, దాని చప్పుడు పూర్తిగా ఆగేదాకా గోవిందన్న గడపలోనే నిలబడ్డాడు.

హులిగమ్మ తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయనా, నీకో మాట సెప్పల్ల."

"సెప్పల్లా? నిన్న మీరు పోయింది ఐదు మైళ్లు. వచ్చింది గంటన్నరకు."

"వాన వచ్చింది నాయనా!"

"వానలో ఆ బండిని ముప్పై యేండ్లు నడిపినా మ్మే."

పెద్దయ్య తల వంచుకుని నేల చూపులు చూస్తున్నాడు. గోవిందన్న చెయ్యి చాచి, అతని భుజం దొరికేదాకా గాలిలో వెతికి, దొరికాక గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ బండి నాకు ముప్పై యేండ్లు అన్నం పెట్టింది. పోతాపోతా ఇంటికి మనిషిని ఇచ్చిపోయింది. ఆదివారం మీ అమ్మనూ నాయననూ పిల్సుకొని రా అప్పా."