గంజి పెట్టిన పట్టు

"అరచెయ్యంత గుడ్డ నేసియ్యల్లా? ఎవురికి మేడం, బొమ్మకు చీర కడ్తారా?" అన్నాడు ఉమామహేశ్, మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

"మనిషి కడుపులో పెడతామన్నా," అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి.

అప్పుడు తల ఎత్తాడు. ఎత్తినవాడు దించడం మరిచాడు. చేతిలో అటూ ఇటూ దారం నడిపే నాడె అక్కడే ఆగిపోయింది. పక్క మగ్గం మీదున్న తండ్రి శివన్న దగ్గితే గానీ అది మళ్ళీ కదల్లేదు.

ఆ అమ్మాయి పేరు శివజ్యోతి. సొంతూరు డోన్. తండ్రి రంగస్వామి అక్కడే రైల్వేలో పాయింట్స్‌మన్. ఆమె కర్నూలులో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. ఎమ్మిగనూరు ఎండలో వీధి వీధీ తిరిగి, ఇంటింటా ఇదే మాట అడిగి, ఇంటింటా నవ్వులపాలై చివరికి ఈ గడప ఎక్కింది. ముఖం కందిపోయి ఉంది. సంచిలోంచి తెల్లటి పట్టునూలు చుట్ట తీసి, పసిబిడ్డను అప్పగించినంత భద్రంగా అతని చేతుల్లో పెట్టింది.

తర్వాత విషయం విడమర్చి చెప్పింది. కడుపు ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి కుట్టు దగ్గర కండ బలహీనపడి లోపలి పేగు ముందుకు ఉబ్బుతుంది. దాన్నే హెర్నియా అంటారు. డాక్టర్లు అక్కడ ప్లాస్టిక్ వల పెట్టి కుడతారు. ఆ వల చాలామందికి పడుతుంది, కొందరికి పడదు. అదే పట్టుతో నేసిన వల అయితే, దాన్ని ఆసరా చేసుకుని మనిషి సొంత కండ పెరుగుతుంది, పట్టు మెల్లమెల్లగా ఒంట్లోనే కరిగిపోతుంది. ఇదీ ఆమె ఆశ. మిషన్ మీద నేయిద్దామంటే ఆ సన్నటి నూలు పుటుక్కు పుటుక్కున తెగిపోతోంది.

"ప్లాస్టిక్ వల మా అమ్మకు పడలేదన్నా. చీము పట్టింది. మళ్ల కోసి తీసినారు. ఇంగొకరికి అట్ల కాకూడదని ఈ పని పట్టుకున్నా," అంది.

ఉమామహేశ్ ఇంకేం అడగలేదు. నేసిస్తానన్నాడు. అతన్ని బాధపెట్టింది ఒక్కటే, ఆ 'అన్నా'. మాటకు ముందొక అన్నా, మాటకు వెనకొక అన్నా. రాయలసీమలో బస్సు కండక్టరు దగ్గర్నుంచి ఆఫీసు ప్యూను దాకా అందరూ అన్నలే, తప్పు పట్టడానికి లేదు. అయినా అంత చక్కని నోటి నుంచి వస్తే ఏ మగవాడి ప్రాణమైనా ఉసూరుమంటుంది.

పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి ఆమె మళ్ళీ వచ్చిన రోజు వాన పట్టుకుంది. మా వైపు వాన అంటే పిలిచినా రాని చుట్టం, వస్తే పండగే. ఆమె చూరు కింద నిలబడి అరచెయ్యి చాపి చినుకులు పట్టింది. ఇతను కిటికీలోంచి ఆమెను చూశాడు. ఇద్దర్నీ చూసిన తల్లి ఉరుకుందమ్మ, కొడుకు చేతికి తువ్వాలు ఇచ్చి ఆ పిల్లకు ఇచ్చి రమ్మంది. తువ్వాలు ఇచ్చి రావడానికి అంతసేపు పట్టిన మనిషి ఎమ్మిగనూరులో ఇంకొకడు ఉండడు.

ఆ నూలును అతను ఎంత శుద్ధిగా చూశాడని! స్నానం చేయకుండా తాకలేదు. రంగు దాని దరిదాపుల్లోకి రానీయలేదు. ఇక నేతకు ముందు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఏ పడుగుకు చేసినా చేసినట్టే దీనికీ చేశాడు. తెల్లవారుజామున లేచి దారాలు బారుగా చాచి, బియ్యపు గంజి గుడ్డలో వడగట్టి, వేరుసెనగ నూనె చుక్క కలిపి, కుంచెతో దువ్వాడు. గంజి పెట్టని పడుగు ఆ ఇంట్లో మగ్గం ఎక్కి ఎరగదు. వద్దని చెప్పాలని ఆమెకు తట్టలేదు, అడగాలని ఇతనికి తట్టలేదు. దారం ఎక్కడా తెగలేదు. గుడ్డ నిగనిగలాడింది.

శివజ్యోతి దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "శానా బాగుండాది," అంది. వెనకాల అన్నా లేదు. ఉమామహేశ్ వారంపాటు ఆ ఒక్క మాట మీదే బతికాడు.

తర్వాత ఫోన్ వచ్చింది. గొంతు వినగానే ఏడ్చి ఉందని తెలిసిపోయింది. ఆ గుడ్డ మీద మనిషి కండ కణాలు పెంచి చూసిందట. గుడ్డ జిగటజిగటగా మారి, బూజు పట్టి, కణాలన్నీ చచ్చిపోయాయట. పట్టు ఈ పనికి పనికిరాదని గైడు చంద్రమోహన్ సారు తేల్చేశారట. సోమవారం ఈ టాపిక్ మూసేసి ఇంకొకటి ఇస్తారట.

"తప్పు నాదే. నూలుకుండే బంక సరిగ్గా తీసినట్టు లేను," అంది.

"బంక అంటే?"

"పట్టుపురుగు దారానికి పుట్టుకతోనే ఒక బంక ఉంటాది. అది మన ఒంటికి పడదు. అందుకే రెండు నెలలు ఉడకబెట్టి, కడిగి, మళ్ల కడిగి తీసినా. దారం తప్ప ఇంగేమీ ఉండకూడదు."

ఉమామహేశ్‌కు తను పెట్టిన గంజి గుర్తొచ్చింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు కుంచె వైపు చూస్తూ కూర్చున్నాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. శివన్న అన్నదీ అదే, నోరు మూసుకుంటే పోయేదేముందని. చెబితే ఆ పిల్ల ఇక ఈ గడప తొక్కదు. అది ఉమామహేశ్‌కు బాగా తెలుసు. చెప్పకపోతే మాత్రం లేని తప్పును జీవితాంతం నెత్తిన మోస్తుంది. పనికొచ్చే వస్తువు పనికిరాదని పాతిపెట్టేస్తారు. వాళ్ళమ్మలాంటి వాళ్ళు మళ్ళీ మళ్ళీ కోయించుకుంటారు. ఆదివారమంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. సోమవారం పొద్దున్నే ఉరుకుందమ్మ ఏమీ అడక్కుండా ఉతికిన చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. కర్నూలుకు మొదటి బస్సెక్కాడు.

అతను వెళ్ళేసరికి శివజ్యోతి సారు ఎదుట తలొంచుకుని నిలబడి ఉంది.

"సార్, తప్పు పట్టుది కాదు. ఈ మేడందీ కాదు. నాది," అన్నాడు ఉమామహేశ్ తలుపు దగ్గర్నుంచే. "గంజి పెట్టినా."

"ఏం గంజి?" అన్నారు చంద్రమోహన్.

"బియ్యం గంజి సార్. బుడ్డల నూనె గూడా ఒక చుక్క."

సారు కిటికీ వైపు తిరిగారు. ఆయన భుజాలు అదురుతుంటే నవ్వుతున్నారని అర్థమైంది. శివజ్యోతి మాత్రం నవ్వలేదు.

"రెండు నెలలు నేను కూసోని తీసిన బంక, నువ్వు ఒక్క పొద్దున మళ్ల పెట్టినావు గదప్పా," అంది.

అన్నా పోయి అప్పా వచ్చింది. తను ఒక మెట్టు ఎక్కాడో దిగాడో తెలియక అతను నేల చూపులు చూశాడు.

సారు నవ్వు ఆపుకుని, టాపిక్ మూయడం లేదని, ఇంకొక్కసారి నేసి తెమ్మని చెప్పారు. ఈసారైనా ఫలితం రాకపోతే తను చేయగలిగింది లేదని కూడా చెప్పారు.

గంజి లేకపోతే ఆ నూలు మగ్గం మీద నిలవదు. గాలిలో తడి ఉంటే తెగడం తగ్గుతుందని శివజ్యోతి అంది. మగ్గం చుట్టూ తడి దుప్పట్లు వేలాడదీశారు. ఆ దుప్పట్ల గుడారంలో అతను గుంటలో, ఆమె ఎదురుగా. అయినా తెగేవి తెగుతూనే ఉన్నాయి. తెగిన దారాన్ని ఆమె వెతికి పట్టుకునేది, అతను అతికేవాడు. ఒకే దారం కోసం రెండు చేతులు ఒకేసారి వెళ్తే రెండూ ఒకేసారి వెనక్కి వచ్చేవి. అప్పుడు కాసేపు ఇద్దరూ దుప్పట్లను చాలా శ్రద్ధగా పరిశీలించేవాళ్ళు.

ఒకరోజు అడిగింది. "ఎందుకు వచ్చి చెప్పినావు? నాకు ఎప్పటికీ తెల్సేది కాదు."

"నువ్వు తప్పంతా నీ మీద ఏస్కోని ఏడుస్తాండావు. నాకు ఈడ కూడు దిగలే."

"నేను మళ్ల రానని అనుకోలేదా?"

"అనుకున్నా. కోడుమూరు వచ్చేదాకా దిగి ఎనక్కి పోదామనే చూస్తాంటి."

ఆమె తల వంచి దారం వెతుక్కుంది. ఆ దారం ఎదురుగానే ఉంది, అయినా చాలాసేపు దొరకలేదు.

గుడ్డ పూర్తయింది. ఈసారి నిగనిగ లేదు, అంచు కూడా కొంచెం వంకర. దాన్ని తీసుకుని ఆమె వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఉమామహేశ్ నేసిన చీరల్లో ఆ రోజుల్లో వచ్చినన్ని తప్పులు ఎప్పుడూ రాలేదని శివన్న ఇప్పటికీ అంటాడు.

ఒక మధ్యాహ్నం కర్నూలు రమ్మని కబురొచ్చింది. ఎందుకో చెప్పలేదు. ల్యాబులో ఆమె అతన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, చూడమంది. మొదట అంతా మసక. ఆమె వంగి ఏదో తిప్పింది. అతను నేసిన దారాలు మోకుల్లా కనబడ్డాయి. వాటిని కరుచుకుని, ఒకదాని పక్కన ఒకటి, సన్నగా పొడుగ్గా ఏవో సాగి ఉన్నాయి.

"ఏం కనపడ్తాండాది?" అంది.

"బతికినాయి," అన్నాడు.

"ఇంగ ఎలుకల మీద చూడల్ల, తర్వాత శానా పని ఉండాది. మనిషి దాకా పోవాలంటే ఏండ్లు పడ్తాది. కానీ సారు సంతకం పెట్టినాడు. పని ఆగదు."

అతను కళ్ళు తీయకుండానే, "జ్యోతీ, నేనొక మాట చెప్పల్ల," అన్నాడు. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేక మైక్రోస్కోపుకే చెప్పాడు, ఆమె అంటే తనకు ప్రాణమని.

అతను భయంభయంగా తల తిప్పాడు. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"ఆదివారం మా నాయనకు డ్యూటీ లేదు. నిన్ను డోన్‌కు తోడ్కోని రమ్మన్నాడు."

"నన్నా? ఆయనకు నేనెట్ల తెల్సు?"

"నువ్వు బస్సెక్కి వచ్చి చెప్పిందీ, కోడుమూరు దాకా దిగిపోదామని చూసిందీ నేను ఇంటికి పోయి చెప్పినా. అంతా విని మా అమ్మ కడుపు మీది కుట్టు తడుముకొనింది. మా నాయన ఒకటే మాటన్నాడు. తప్పు కప్పిపెట్టుకునేటోడు వీధికొకడు దొరుకుతాడు, పిల్ల దూరమైతాదని తెల్సీ వచ్చి చెప్పినోన్ని ఇంగ యాడ వెతుకుతావు బిడ్డా, అన్నాడు."