మిల్లు మలుపులో చైన్ చప్పుడు

కుందుర్పి దాటి ఎనిమిది కిలోమీటర్లు పోతే, మలుపులో మూతబడ్డ శెనక్కాయల మిల్లు ఒకటి ఉంది. వానలు మొహం చాటేశాక కాయలు రాలేదు, కాయలు రాక మిల్లు నడవలేదు. ఇప్పుడు దాని పేరెత్తితే చాలు, పగలంతా మీసం తిప్పే మొనగాళ్లు కూడా పొద్దుగూకక ముందే ఇల్లు చేరాలంటారు.

ఎందుకంటే... చీకటి పడ్డాక అక్కడ చైన్ తిరుగుతుంది.

మొదట టక్... టక్... అని. ఆపైన గరగరమని ఒక్క గుక్కలో. బండి ఉండదు, మనిషి ఉండడు. చప్పుడు మాత్రం మిల్లు గోడల వెనకనుంచి వస్తుంది. జూన్‌లో ఆ మలుపులోనే స్పోర్ట్స్ బైకు మీదనుంచి పడి చచ్చిపోయిన కేశవ ఇంకా తన బండి నడుపుతున్నాడని ఊరంతా కలిసి తేల్చేసింది. పాలవ్యాను డ్రైవరు కళ్లారా చూశానన్నాడు. ఏం చూశావయ్యా అంటే మాత్రం నీళ్లు నమిలాడు.

ఈ మాటలన్నీ జయరాం చెవిన పడుతూనే ఉన్నాయి. జయరాం కేశవకు అన్న, కుందుర్పిలో మెకానిక్కు. తమ్ముడి బండికి ఆఖరి చైన్ వేసింది అతనే.

వేసిననాడు కరెంటు లేదు. కేశవ సెల్లు లైటు పట్టుకుని పక్కనే నిలబడి, "బిర్నే కానీ అన్నా" అని ఒకటే తొందర. చైన్ రెండు కొసలూ కలిపి చిన్న లాకు బిగించాలి. ఆ లాకు మూసి ఉన్న వైపు చైన్ తిరిగే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఏదో ఒకరోజు ఊడిపోతుంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతే. మరి జయరాం ఎటు పెట్టాడు?

అదే గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాదు.

పోలీసులు అతివేగం అని రాసుకున్నారు. బండి ఇంటికి తిరిగొచ్చినప్పుడు దానికి చైన్ లేదు. ఎవడో ఎత్తుకుపోయుంటాడులే అన్నారు అందరూ. జయరాం మనసు మొద్దుబారిపోయింది. దినాల నాడు అందరూ గుండెలు బాదుకుంటుంటే, పప్పులో ఉప్పు తక్కువైందని గమనించి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ తర్వాత ఆ అసహ్యం కూడా పోయింది.

అక్టోబరులో గుమ్మఘట్ట నుంచి భరత్‌కుమార్ అనే అతను బండి కొంటానని వచ్చాడు. అమ్మేయమంది అమ్మ. వాకిట్లో దాన్ని చూడలేకపోతోంది. జయరాం కొత్త చైన్ సెట్టు తెచ్చాడు. చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్త చైన్‌ను తినేస్తాయి. అందుకని ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్ద పళ్లచక్రం, చైన్, మూడూ ఒకేసారి మార్చాడు. లాకు ఈసారి పగటి వెలుతురులో పెట్టాడు. ఏడుసార్లు చూసుకున్నాడు. చేతులు పని చేశాయి, అంతే.

కొత్త చైన్ కాస్త తిరిగాక సాగుతుంది. పది కిలోమీటర్లు తిప్పుకొచ్చి మళ్లీ బిగించాలి. దీపాలు పెట్టే వేళకు బండి తీశాడు.

"యాటికిరా?" అంది వాళ్లమ్మ నాగరత్నమ్మ.

"ట్రయలుకు మా."

"మిల్లుతట్టు పోగాకు నాయనా..."

సరిగ్గా ఆ దారికే తిప్పాడు.

మలుపులో ఇంజన్ ఆపాడు. గాలి, కంపచెట్లు, చీకటి. కాసేపు ఏమీ లేదు. తర్వాత...

టక్... టక్...

గరగరగర...

ఇంకొకరైతే పంచె ఊడిపోయేలా పరుగెత్తేవారు. జయరాంకు భయం కూడా రాలేదు. నిజంగా కేశవే అయితే ఒక్క మాట అడగాలి. ఆ లాకు నేను ఎటు పెట్టినానురా?

"కేశవా..." అన్నాడు గొణుగుతున్నట్టు.

చప్పుడు ఆగింది.

గోడ వెంట తడుముకుంటూ వెనక్కి నడిచాడు. కంపముళ్లు చేతులు గీరాయి. మళ్లీ మొదలైంది, ఈసారి పక్కనే. సెల్లు లైటు వేశాడు. తెల్లటి జుట్టు... రాయి మీద ముడుచుకుని కూర్చున్న ఆకారం...

"ఎవరప్పా అది?" అంది ఆకారం.

ముసలమ్మ. మిల్లు వెనక శెనక్కాయల చేను ఆమెదే. పేరు తిప్పమ్మట. పక్కన గుంజకు పాత ఫ్యాను రెక్కలు కట్టి, వాటికి ఒక చైన్ దండలా వేలాడదీసి, కింద ఖాళీ నూనెడబ్బా పెట్టింది. గాలి వచ్చినప్పుడల్లా చైన్ డబ్బాను కొడుతోంది.

"అడివిపందులు కాయలన్నీ తవ్వి తింటాండాయి. పొద్దున కట్టేస్తా, మాపు ఇడుస్తా" అంది. "దెయ్యమంటాండారంట గదా? అననీ. దొంగలు గూడా రారు." పళ్లులేని నోటితో నవ్వింది.

జయరాం చైన్ చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లతో ఒక్కొక్క కొలికీ తడుముతూ పోయాడు. ఎక్కడా తెగలేదు. ఒకచోట మాత్రం లాకు లేదు. రెండు కొసలనూ బైండింగ్ వైరుతో కట్టి ఉంది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఈ చైన్ యాడిదవ్వా?"

ఆమె పొర కమ్మిన కళ్లతో అతనివైపు తిరిగింది.

"నువ్వు ఈతట్టోనివా?"

"కాదు... గుమ్మఘట్ట."

"అయితే ఇను. ఎవురితోనూ అనగాకు." గొంతు తగ్గించింది. "ఈడ పడిన పిల్లోడు నా వొళ్లోనే తల పెట్టుకున్నాడప్పా. ఆంబులెన్సు వచ్చేదాకా ఒగటే మాట. 'చైన్ ఊడి ఆడ పడుండాది. తీసి దాసిపెట్టవ్వా. మా యన్న ఏసినాడు. సూస్తే బతకడు' అని. అంత నొప్పిలో గూడా అదే మాట. పారేయబుద్ధి కాలే... ఈడ కట్టుకున్నా."

గాలి ఆగింది. జయరాం మొహమంతా తడిసిపోయింది. నాలుగు నెలలుగా రానిది ఇప్పుడు చప్పుడు లేకుండా కారిపోతోంది. ముసలమ్మకు అది కనిపించలేదు.

చీకట్లోకి చెయ్యి చాపింది.

"మాటియ్యప్పా. వాళ్ల యన్న చెవిన పడగూడదు."

జయరాం ఆ చేతిలో చెయ్యి వేశాడు.

"పడదవ్వా" అన్నాడు.