ఒకవైపే వేసిన రంగు

చెట్టు మీద పసుపు బాణం ఇంకా ఆరనే లేదు, వెనక పొదలో అడవి పార్కు గార్డు శవమై పడి ఉన్నాడు!

జాగింగ్ సూట్‌లో ఉన్న ఏజెంట్ డేగ చుట్టూ చూసింది. మెయిన్ గేటు నుంచి వచ్చే పసుపు గుర్తుల నడకబాట ఇక్కడ కుడికి తిరిగి చెరువు వైపు వెళ్ళాలి. పాత గుర్తుల్ని ఎవరో చెక్కేశారు. కొత్త బాణాలు ఎడమకు, ఎవరూ తొక్కని మైదానం వైపు చూపిస్తున్నాయి.

ఆమె చెట్టు చుట్టూ తిరిగింది. అవతలి వైపు ఉత్త బెరడు. నడిచేవాళ్ళు రెండు వైపుల నుంచీ వస్తారు కనుక గార్డులు ప్రతి గుర్తునూ రెండు పక్కలా వేస్తారు. ఇది పార్కు పని తెలియనివాడి చెయ్యి!

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

"శత్రువుల హెలికాప్టర్ బయల్దేరింది. ప్రొఫెసర్‌ని ఎత్తుకుపోతే మన క్షిపణుల కోడ్ పోయినట్టే!"

"ఆయన్ని ఇంట్లో ఉండమనలేదా?"

"అన్నాం. అందుకే పంతం పట్టి, రోజూలా మెయిన్ గేటు నుంచి కాక చెరువు గేటు నుంచి ఎదురు దిశలో నడుస్తున్నాడు. అల్లుడు తోడున్నాడు."

అంతలోనే చేతికర్ర ఊపుకుంటూ ప్రొఫెసర్ రానే వచ్చాడు.

"ఏమ్మా, నన్ను ఆపడానికొచ్చావా? మా ఆవిడ వల్లే కాలేదు. ఎవడో బెదిరించాడని నా నడక మానతానా?"

"అలా కాదు మావయ్యా, ఇటు పదండి. పసుపు బాణం ఇటే ఉందిగా" అన్నాడు అల్లుడు.

డేగ కళ్ళు మెరిశాయి. వాళ్ళు నిలబడ్డ వైపు నుంచి చూస్తే ఏ చెట్టు మీదా చుక్క రంగు లేదు.

"బాణమా? ఎక్కడ సార్?"

అల్లుడు బెరడు వంక చూశాడు. మరుక్షణం అతని పిస్టల్ మామగారి కణతకు ఆనింది. పైన హెలికాప్టర్ హోరు.

"మైదానంలోకి నడవండి!"

ప్రొఫెసర్ నిదానంగా నేల మీద కూర్చున్నాడు.

"నడవను. కావలిస్తే మోసుకుపో, చూద్దాం."

అల్లుడు పళ్ళు కొరుకుతూ ఆయన రెక్క పట్టుకుని లాగబోయాడు. పిస్టల్ జానెడు పక్కకు జరిగింది. డేగ వాటర్ బాటిల్ మూత నొక్కింది. టియర్ గ్యాస్! పిస్టల్ ఎగిరి ఆకుల్లో పడింది, చేతులకు సంకెళ్ళు పడ్డాయి. మైదానంలో ఎవరూ కనిపించక హెలికాప్టర్ వచ్చిన దారినే పోయింది.

"నా కూతురి మొగుడివి. ఎందుకయ్యా ఈ పని?" అన్నాడు ప్రొఫెసర్.

అల్లుడు ఎర్రబడ్డ కళ్ళెత్తాడు.

"గార్డుని చంపింది నేనే. బాణాలు వేసిందీ నేనే. పెళ్ళయిన నాటి నుంచి మీ వెనకే నడిచాను మావయ్యా. ఆగమంటే ఆగాను, తిరగమంటే తిరిగాను. ఒక్కసారి, ఒక్కసారైనా మిమ్మల్ని నా దారిలో నడిపిద్దామనుకున్నాను. ఛ! అక్కడా చతికిలబడ్డారు!"