వెనిగర్ సంచి

ఆ సాయంత్రం మా చెల్లి ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తోంది. ఇరవై రెండు రోజులు దాని మంచం పక్కన కూర్చుని నా నడుము కూడా రోగిష్టిదైపోయింది గానీ, ఆ నడుముని పరామర్శించడానికి ఎవరూ రాలేదు. పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఇంట్లో బూజు ఉండకూడదు, యాసిడ్ వాసన అసలు తగలకూడదు, ఇంకోసారి ఊపిరి పట్టేస్తే తన చేతుల్లో లేదని. ఈసారి మాత్రం ఆయన చేతుల్లో ఏముందో నాకు కనబడలేదు.

చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, బూజంటే గోడకి వేసిన రంగనుకునే రకం. అందుకని బాత్రూమ్ నా వంతుకి వచ్చింది.

ఉపాయం పక్కింటి దర్జీ ఆవిడది. ఆవిడ కుట్టిన బట్టలు ఒక్కరికీ పట్టవు, సలహాలు మాత్రం అందరికీ తెచ్చి తొడుగుతుంది.

"యాసిడ్ ఎందుకొదినా, వంటింట్లో ఉన్నవే చాలు. గచ్చుకి వంటసోడా, అద్దానికి నిమ్మచెక్క. షవర్ కన్నాలు పూడుకుపోయాయా, సంచిలో వెనిగర్ పోసి దాని మూతికి కట్టెయ్. రెండు గంటల్లో సున్నమంతా ఊడొస్తుంది."

"నీ ఇంట్లో ఎప్పుడైనా కట్టావా?"

"నాకు తీరికేదీ?"

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను. ఆ బాత్రూమ్‌కి కిటికీ లేదు. తడిసి ఆరని తువ్వాలు వాసన. స్టూలెక్కి, పలచటి ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, షవర్ మునిగేలా పురికొసతో కట్టాను. కిందకి దిగి సోడా చల్లి, నిమ్మరసం పిండి, పాత పళ్ళ బ్రష్‌తో మూలలు తోమడం మొదలెట్టాను. చుయ్‌మని నురగ పొంగింది. మోకాళ్ళు నాకంటే గట్టిగా మూలిగాయి.

నురగ అణిగింది. చప్పుడు మాత్రం అణగలేదు.

సన్నటి పిల్లికూత. లోపలికి... బయటికి... మధ్యలో చిన్న ఈల.

ఇరవై రెండు రాత్రులు విన్న కూత అది. వేల మందిలో గుర్తుపడతాను.

తలెత్తి చూశాను. షవర్ మూతికి కట్టిన సంచి ఉబ్బింది... ముడుచుకుంది... మళ్ళీ ఉబ్బింది.

గొట్టంలో గాలై ఉంటుందనుకున్నాను. అలసిపోయిన మనిషికి భయపడటానికి కూడా ఓపిక ఉండాలి కదా. స్టూలెక్కి పురికొస బిగించి ఇంకో ముడి వేశాను. సంచి షవర్‌కి అతుక్కుపోయింది. కూత ఆగింది.

ఫోన్ మోగింది.

"వదినా..." మరిది. "కారెక్కబోతూ కూలబడిపోయింది... ఊపిరి అందట్లేదు..."

సంచి వైపు చూశాను. కదలడం లేదు.

ఆ రెండో ముడి లాగేశాను. సంచి ఒక్కసారిగా ఉబ్బింది.

"ఆ... పీల్చింది వదినా! పీల్చింది!"

అనుమానం పెనుభూతం అంటారు. తీర్చుకోకుండా ఉండలేకపోయాను. రెండు వేళ్ళతో పురికొసని కొంచెం... కొంచెమే... నొక్కాను.

"వదినా, మళ్ళీ—"

వదిలేశాను.

"నెమ్మదిగా తీసుకురా," అన్నాను. పురికొస ముట్టుకోకుండా స్టూలు దిగాను.

ఆరింటికి వచ్చారు. చెల్లి మెట్లన్నీ తనే ఎక్కింది. కూత లేదు, ఆయాసం లేదు. దర్జీ ఆవిడ గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "చూశావా, అంతా నా వెనిగర్ మహిమ!" అంది. జీవితంలో ఆవిడ చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనేమో.

"ఎంత హాయిగా ఉందో అక్కా," అంది చెల్లి పడుకుంటూ. "ఊపిరి పీల్చే శ్రమే లేదు."

అంతలో బాత్రూమ్ లోంచి మరిది కేక. "వదినా, ఇదేంటీ షవర్‌కి సంచి? విప్పేస్తున్నా!"

ఎలా పరిగెత్తానో తెలియదు. అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగి, గొళ్ళెం పెట్టి, తలుపుకి చేరగిలబడ్డాను.

"స్నానం..." అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం ఉద్ధరించావని? వంటింటి కుళాయి కింద చేసుకో పో."

తలుపు వెనక ఉబ్బుతోంది. ముడుచుకుంటోంది. ఆ సంచి ఎంత పలచనో, ఎన్నాళ్ళు ఆగుతుందో నాకు తెలియదు. ఇరవై రెండు రోజుల సేవ అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు దీనికి కాపలా.

చెల్లికి దుప్పటి కప్పుదామని గదిలోకి వెళ్ళాను. అప్పటికే గుండెల దాకా కప్పుకుని, నన్ను చూసి నవ్వుతోంది.

"ఏంటక్కా, అలా చూస్తున్నావ్?"

చాలాసేపు చూశాను. అది నవ్వింది, మంచినీళ్ళడిగింది, మొగుడి మీద రెండు చాడీలు చెప్పింది.

గుండె మీద దుప్పటి మాత్రం... ఒక్కసారి కూడా... లేవలేదు.