పడవవాడి నాణెం

టంకశాలలో నాణేల అచ్చులు చెక్కే ఫెలిక్స్ గొంతు తెగి పడున్నాడు. హంతకులు పెట్టెలు పగలగొట్టి, పరుపు చీల్చి, చెప్పులు కూడా విప్పి వెతికారు. అతన్ని ఈ గూఢచర్యంలోకి దింపింది రోమ్ గూఢచారి విబియస్సే. విబియస్ వంగి, శవం నోరు తెరిచాడు.

"సిగ్గులేదట్రా! చచ్చినవాణ్ణి నది దాటించే పడవవాడి కూలి కాజేస్తావా?" కసిరాడు పైఅధికారి కాల్వస్.

"శవం నోట్లో ఆ కూలి నాణెం పెట్టేది ఇంటివాళ్లు. వాళ్లింకా రానేలేదు."

నాలుక కింద వెండి నాణెం దొరికింది. రోమ్‌లో హంతకుడైనా శవం నోట్లో వేలు పెట్టడని ఫెలిక్స్‌కి తెలుసు.

ఒకవైపు ఇప్పటి చక్రవర్తి ముఖం, తల మీద ఆకుల కిరీటం లేదు. రెండోవైపు చితి మీంచి లేస్తున్న గద్ద.

"గద్ద ఆత్మను స్వర్గానికి మోస్తుంది. ఇది చచ్చి దేవుడైన చక్రవర్తికి వేసే నాణెం," అన్నాడు విబియస్.

"ఆయన పొద్దున రెండు రొట్టెలు తిన్నాడురా!"

"మధ్యాహ్నం తినడన్నమాట. శత్రుదేశం పార్థియా నడిపే ముఠా తమ కీలుబొమ్మను గద్దెనెక్కించి, రేపే సైన్యానికి వీటిని పంచాలని చూస్తోంది. ఫెలిక్స్ మన మనిషని ఎవరికి తెలుసు? మీకు, నాకు, మిర్తాలీకి."

అంతియోకు అందగత్తె మిర్తాలీ. ఆ ముఠాలో రోమ్ చొప్పించిన ఏజెంట్. ఇవాళ రథాల పందేలకు ముందు చక్రవర్తికి ఆకుల కిరీటం పెట్టేది ఆమే.

"పొరబడ్డావో, శిలువ ఎక్కుతావు. నువ్వెవరో నాకు తెలీదు," అన్నాడు కాల్వస్.

"మీ ప్రేమ నాకు తెలియనిదా అయ్యా!"

పందేల మైదానంలో విబియస్ బానిస వేషంలో, కిరీటమున్న వెండి పళ్లెం మోస్తూ వేదికెక్కాడు. బాకాలు మోగాయి. మిర్తాలీ రెండు వేళ్లతో కిరీటం ఎత్తింది. చక్రవర్తి తల వంచాడు.

విబియస్ ఆమె మణికట్టు పట్టేశాడు. "ముందు నువ్వు పెట్టుకో."

"ప్రభువుల కిరీటం నేను పెట్టుకుంటే తల తీస్తారురా, మూర్ఖుడా!"

"పెట్టుకోకపోయినా తీస్తారు."

భటుల కత్తులు విబియస్ మెడ మీదికొచ్చాయి. చక్రవర్తి ఆమె వేళ్లను చూశాడు. అవి ఆకులకు తగలకుండా కిరీటాన్ని అంచున పట్టుకున్నాయి.

"పెట్టుకో," అన్నాడు.

మిర్తాలీ కిరీటం విసిరేసి పరుగెత్తింది. నాలుగో మెట్టు దగ్గర దొరికిపోయింది. ఆకుల మధ్య విషం పూసిన సూదులు ఆరున్నాయి.

సాయంత్రం కాల్వస్ చెయ్యి చాచాడు. "ఆ నాణెం ఇటివ్వు. సాక్ష్యం."

"తీసినచోటే పెట్టేశా. వెళ్లి మీరే ఫెలిక్స్ నోరు తెరవండి."

కాల్వస్ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.